చంద్రలేఖ ఫ్రేముని కోయకండి

పొద్దున్నుంచి ఎక్కడ చూసినా ఒకటే క్లిప్. 1948 నాటి హిందీ ‘చంద్రలేఖ’లోని డ్రమ్ డాన్స్. ఫోన్లో నిలువుగా పట్టాలని రెండు పక్కలా కోసేశారు. నలుపు తెలుపు మీద రంగులు పూశారు. అసలు సంగీతం పీకేసి ఇప్పటి బీటు ఏదో అతికించారు. పైన రాసిన ముక్క: ఆ రోజుల్లోనే బొంబాయి వాళ్లు ఎంత భారీగా తీశారో చూడండి! కింద మన తెలుగువాళ్లే దండాలు పెడుతున్నారు. ఒళ్లు మండిపోతోంది.

ముందు ఆ కోత సంగతి. అప్పటి ఫ్రేము ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. దాన్ని 9:16 నిలువు ఫ్రేములో ఇరికిస్తే వెడల్పులో నూటికి 41 పాళ్లే మిగులుతుంది. మిగతా 59 పాళ్లూ పోయినట్టే. విస్తరి నిండా వడ్డించి, సగానికి పైగా చింపి పారేసి, మిగిలింది తినమన్నట్టుంది. ఆ డాన్సులో ఉన్నదంతా వెడల్పులోనే కదా! పెద్ద పెద్ద డ్రమ్ములు బారులు తీరి ఉంటాయి. వాటి మీద ఆడేవాళ్లు, వాటి మధ్య నేల మీద ఆడేవాళ్లు, వెనకాల కోట. అన్నీ ఒక్కసారి కంటికి ఆనాలి. మీ క్లిప్పులో ఏముంది? మూడు డ్రమ్ములు, నలుగురు మనుషులు.

పైగా అది కథని ఆపేసి పెట్టిన డాన్సు కాదు. అన్నకి దక్కాల్సిన సింహాసనం లాక్కున్న తమ్ముడు కథానాయిక చంద్రలేఖని పెళ్లాడతానంటాడు. పెళ్లికి ముందు ఈ డాన్సు జరగాలని ఆమె షరతు పెడుతుంది. ఆ డ్రమ్ముల లోపల ఉన్నది అన్న తాలూకు సైనికులు. డాన్సు అవుతూనే డ్రమ్ముల్లోంచి బయటపడి కోట మీద విరుచుకుపడతారు. ఎన్ని డ్రమ్ములున్నాయో కళ్లారా చూసిన ప్రేక్షకుడికే, లోపలి నుంచి ఎంతమంది వస్తున్నారో చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది. వరసలు కోసేస్తే ఆ పన్నాగం ఎంత పెద్దదో తెలిసే దారే లేదు. ఈ క్లిప్పయితే సైనికులు బయటికి రాకముందే ఆగిపోయింది!

ఆ తర్వాత వచ్చే అన్నదమ్ముల కత్తియుద్ధాన్ని కూడా వదల్లేదు. దానికింకో క్లిప్, ఇంకో కోత. కత్తియుద్ధం ఎలా తీస్తారో తెలిసినవాడెవడూ ఆ పని చేయడు. కత్తియుద్ధం చూడాల్సింది పాదాల్లో. ఇద్దరూ దెబ్బల్ని వరసగా బట్టీ పడతారు. తల, కుడి భుజం, ఎడమ భుజం, నడుం, కాలు, ఇలా. మొదట సగం వేగంతో అడుగులు, ఆ తర్వాతే చేతులు. దెబ్బ మనిషికి గురిపెట్టరు, ఎదుటివాడి కత్తి ఎక్కడ అడ్డం వస్తుందో అక్కడికి గురిపెడతారు. ఇద్దరి మధ్య దూరం ఒక్క అడుగు తగ్గినా మొన మొహానికి అందుతుంది. ఒక్క అడుగు పెరిగినా కత్తులు గాల్లో ఊగుతాయి, అబద్ధమని చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. అంగవస్త్రం వేలాడుతుంటే మోచేతికి చుట్టుకుంటుంది. చెమటకి పిడి జారుతుంది. నున్నటి నేల మీద వెనకడుగు వేస్తే కాలు నిలవదు. ఇన్నిటి మధ్య ఆ ఇద్దరూ మెట్లెక్కుతూ, దిగుతూ, ఆయాసపడుతూ ఆడితే మీరు నడుం పైకి కోసి చూపిస్తారా? వెనకడుగు కనపడకపోతే ఎవరు ఓడిపోతున్నారో ఎలా తెలుస్తుంది?

రంగులు పూసినవాళ్లే దాన్ని సెకనుకి 60 ఫ్రేములకి, అంటే 60 విడి బొమ్మలకి, సాగదీశారు కూడా. సినిమా ఆడేది సెకనుకి 24 ఫ్రేములతో. పోరాటాలు కాస్త చురుగ్గా కనపడాలంటే కెమెరాని 22తో తిప్పుతారు. 24తో ఆడించినప్పుడు వేగం నూటికి 9 పాళ్లు పెరుగుతుంది, పెంచారని కంటికి తెలియదు. అదే 16తో తీస్తే ఒకటిన్నర రెట్లవుతుంది, రాజులు తోలుబొమ్మల్లా గంతులేస్తారు. ఎంత పెంచాలో అంతే పెంచడం ఒక విద్య. సాఫ్ట్‌వేర్‌కి ఆ విద్య తెలియదు. రెండు ఫ్రేముల మధ్య లేని బొమ్మని ఊహించి నింపుతుంది. మెల్లగా కదిలే మొహాన్ని బాగానే నింపుతుంది. కత్తి సన్నం, వేగం ఎక్కువ, ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి చాలా దూరం పోతుంది. అందుకే అక్కడ తప్పుతుంది. కత్తి మధ్యలో విరిగినట్టుంటుంది, లేదా రెండు కత్తుల నీడలు కనపడతాయి. క్లిప్పుని ఆపి ఆపి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇంట్లో టీవీల్లోనూ ఇదే గోల. 16:9 తెర నిండాలని జూమ్ పెట్టేస్తారు. ఎత్తులో నూటికి 23 పాళ్లు పోతుంది. పైన ఎత్తిన కత్తీ పోతుంది, కింద పాదాలూ పోతాయి. సాగదీస్తే ఇంకా దారుణం, గుర్రాలు పందుల్లా ఉంటాయి. పక్కల నల్ల పట్టీలు ఉండనివ్వండి! పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ (టీవీయే మధ్యలో లేని బొమ్మల్ని ఊహించి నింపడం) ఆపండి, సైజు 4:3 పెట్టండి. రెండే రెండు నొక్కులు. మన కాంతారావు కత్తి పట్టిన జానపదాలకి యూట్యూబ్‌లో పట్టిన గతి కూడా ఇదే. విఠలాచార్య సినిమాలని అడ్డంగా సాగదీసి, మూలన పెద్ద లోగో కొట్టి పెడుతున్నారు. ఒక్కడూ అడగడు.

అసలు మంట మాత్రం ఆ ‘బొంబాయి వాళ్లు’ అన్న ముక్క దగ్గరుంది. అది మద్రాసు సినిమా. జెమినీ స్టూడియోలో ఎస్.ఎస్. వాసన్ తీసిన సినిమా. తమిళం 1948 ఏప్రిల్‌లో, హిందీ అదే ఏడాది డిసెంబర్ 24న విడుదలయ్యాయి. హీరోయిన్ టి.ఆర్. రాజకుమారి, హీరో ఎం.కె. రాధా, ప్రతినాయకుడు రంజన్, ముగ్గురూ దక్షిణాది వాళ్లే. ఆ రంజనే తర్వాత హిందీలో కత్తియుద్ధాల హీరోగా ఏళ్ల తరబడి ఆడాడు. ఉత్తరాదికి ఇంత భారీతనం ఇక్కడి నుంచి వెళ్లింది. దశాబ్దాలుగా ఇదే తంతు. మనం తీస్తాం, పేరు వాళ్లకి రాస్తారు, మనమే షేర్ చేస్తాం.

ఆ సంగీతం ఎవరిదనుకున్నారు? సాలూరి రాజేశ్వరరావుది. మల్లీశ్వరి, మిస్సమ్మ పాటలు కట్టిన మన సాలూరి వారిదే. క్లిప్పులో కోసేసింది ఆ మనిషి పనితనాన్ని. శీర్షికలో ఆయన పేరు లేదు, కామెంట్లలో లేదు, షేర్ చేసిన తెలుగు పేజీల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

షేర్ చేసినవాళ్లు ఆ పోస్టు తీసేసి, అసలు శబ్దంతో, అసలు వెడల్పుతో ఉన్నది వెతికి పెట్టండి. పైన జెమినీ, వాసన్, సాలూరి రాజేశ్వరరావు అని రాయండి.