మంచి మనసుంటే చాలదు: ఒంటరి పెద్దలకు తోడుండే కాలనీ బృందాలపై తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఇక్కడ ఒంటరిగా ఉంటున్న ఇళ్ల గురించి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలారోజులుగా తిరుగుతోంది. దాని సారం ఇది: కాలనీలో మనసున్న నలుగురు కలిసి ఓ వాట్సాప్ గ్రూపు పెడితే చాలు, శిక్షణ, కాగితాలు, లెక్కలు అక్కర్లేదు, లీడర్ రాత్రీపగలూ ఫోన్ ఎత్తాలి, అలాంటి గ్రూపు ఉంటే నర్సూ వృద్ధాశ్రమమూ అవసరమే రావు. చదవడానికి బాగానే ఉంది. నమ్మి మొదలుపెడితే మాత్రం ఎక్కడెక్కడ దెబ్బతింటుందో ఒక్కో మాటే తీసుకుని చెబుతాం.

"వాట్సాప్ గ్రూపు ఉంటే చాలు"

అరవైమంది ఉన్న గ్రూపులో "రెండో వీధి మామ్మగారు ఫోన్ ఎత్తట్లేదు, ఎవరైనా చూడండి" అని పెడితే అందరూ చదువుతారు. ఎవరో వెళ్లే ఉంటార్లే అని అందరూ అనుకుంటారు. చేతులు జోడించిన బొమ్మలు ఇరవై వస్తాయి, తలుపు తట్టే చెయ్యి ఒక్కటీ ఉండదు. రాత్రయితే సగంమంది గ్రూపును మ్యూట్‌లో పెట్టి పడుకుంటారు. గ్రూపు ప్రకటనలకు పనికొస్తుంది. ఆపదకు కావలసింది ఫోన్ కాల్, అదీ ఎవరి తర్వాత ఎవరో రాసిపెట్టుకున్న కాల్.

పెద్దవాళ్లు క్షేమమేనా అని రోజూ చేసే ఉదయం కాల్‌కు ప్రతి ఇంటికీ ఒక వేళ, ఒక మనిషి, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఇంకో మనిషి ఉండాలి. 8.30కి కాల్. ఎత్తకపోతే స్నానంలోనో పూజలోనో ఉన్నారేమో, 8.40కి మళ్లీ. అప్పుడూ ఎత్తకపోతే 8.50కి పక్కింటికి. 9 గంటలకల్లా ఒకరు తలుపు ముందు ఉండాలి. ఈ వరుసలో "కాసేపాగి చూద్దాం" అనే మెట్టు లేదు. అడిగే తీరు కూడా ముఖ్యమే. "బాగున్నారా" అంటే ఎవరైనా "ఆ, బాగున్నా" అనే అంటారు. "పిన్నిగారూ, కాఫీ అయిందా? ఇవాళ ఏం కూర?" అంటే మాట ముద్దగా వస్తోందో, రోజు మరిచిపోయారో తెలిసిపోతుంది.

కాల్ చేసిన వేళ నోట్‌బుక్‌లో రాయండి. పక్షవాతంతో ఆసుపత్రికి వెళ్తే డాక్టర్లు ముందు అడిగే ప్రశ్నల్లో ఒకటి, చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడని. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, గడియారం మొదలయ్యేది ఆ వేళ నుంచే. "8.30కి బాగానే మాట్లాడారు" అని చెప్పగలిగితే వైద్యం దారే మారవచ్చు.

ఇక తాళంచెవి. పక్కింట్లో ఒకటి ఉంచమని అందరూ చెబుతారు, చాలామంది ఉంచుతారు కూడా. తీరా అవసరపడ్డ రోజు చెవి తిరుగుతుంది గాని తలుపు రాదు, లోపల గడియ వేసి ఉంటుంది. దొంగల భయానికి పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో గొలుసు. కాబట్టి చెవి తీసుకునే రోజే మాట తీసుకోవాలి: రాత్రిపూట బయటి నుంచి కూడా చెవితో తెరుచుకునే తాళం మాత్రమే వేస్తారు, గడియలు వేయరు. చెవిని కవర్లో పెట్టి అంటించి, అంటించిన చోట ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించాలి. కవరు మీద నంబరే ఉండాలి, చిరునామా ఉండకూడదు. బాత్రూమ్ తలుపుది ఇంతకన్నా పెద్ద చిక్కు. లోపలికి తెరుచుకునే తలుపైతే పడిపోయిన మనిషే దానికి అడ్డం. వడ్రంగిని పిలిచి కీలు మార్పించి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించండి. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పితే వచ్చేది పెట్టించండి.

"మన అమ్మానాన్నల్ని చూసుకున్నట్టే, శిక్షణ ఎందుకు?"

మన అమ్మ పడిపోతే మనం చేసే మొదటి పని చంకల కింద చేతులు వేసి లేపడం. సరిగ్గా అదే చెయ్యకూడదు. భుజం జారుతుంది, లేపేవాళ్ల నడుం పట్టేస్తుంది, లోపల ఎముక విరిగి ఉంటే ఇంకా పాడవుతుంది. ముందు కింద పడుకున్నట్టే ఉంచి మాట్లాడించాలి. తుంటి దగ్గర నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే అది తుంటి ఎముక విరిగిన గుర్తు. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యాలి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లయితే "ఏం లేదు నాయనా, బాగానే ఉన్నా" అన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, లోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడవచ్చు. ఇవేవీ లేకపోతే లేపడం కాదు, లేవడానికి సాయం: పక్కకు తిరిగి, మోచేతి మీద ఆని, మోకాళ్ల మీదికి వచ్చి, ముందు పెట్టిన గట్టి కుర్చీ పట్టుకుని, బలమైన కాలు ముందు వేసి వాళ్లంతట వాళ్లే లేవాలి. వెనక ఇంకో కుర్చీ సిద్ధంగా ఉంచాలి.

షుగర్ సంగతి. చెమటలు, వణుకు, మాట తికమక ఉంటే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి, పెరిగాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు కాసేపు బాగుండి మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి వదిలేసి వెళ్లకూడదు, డాక్టరుకు చెప్పాలి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఎప్పుడొస్తాయో రోస్టర్ (ఏ రోజు ఎవరు కాల్ చెయ్యాలో చెప్పే పట్టిక) రాసేవాళ్లకు తెలిసి ఉండాలి: ఉపవాసం ఉండి మాత్ర మాత్రం మానకుండా వేసుకునేవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో సాయంత్రం కూడా ఒక కాల్ పడాలి. ఉపవాసం రోజు మాత్రలు ఎలా వేసుకోవాలో ముందే డాక్టర్ని అడగమనాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారం అన్నిటికన్నా ప్రమాదం. ఇంట్లో పాత స్ట్రిప్‌ల డబ్బా, చేతిలో కొత్త చీటీ. టెల్మా, టెల్మికైండ్ పేర్లు వేరు, రెండిట్లోనూ ఉన్నది టెల్మిసార్టానే. రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి, తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగి పడతారు. వాలంటీర్ చెయ్యాల్సింది ఏ మాత్ర మానాలో తేల్చడం కాదు. పాతవీ కొత్తవీ టేబుల్ మీద పరిచి, స్ట్రిప్ మీద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి, ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే డాక్టరుకు ఫోన్ కలపడం. మాత్రల డబ్బాను పెద్దవాళ్లే నింపుకోవాలి, వాలంటీర్ పక్కన కూర్చుని చదివి వినిపిస్తే చాలు.

బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్ల విషయంలో మంచి మనసు చేసే నష్టం ఇంకా స్పష్టం. ఎవరో ప్రేమగా తువ్వాలు వేసుకునే రాడ్ చూపించి "ఇది పట్టుకోండి బాబాయిగారూ" అంటారు. అది తడి తువ్వాలు బరువుకు చేసింది. గోడకు పీల్చుకుని అంటుకునే రాడ్లు తడి టైల్స్ మీద చెప్పకుండా ఊడిపోతాయి. కావలసింది 32 నుంచి 38 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీల్ రాడ్, నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో, స్క్రూలు ప్లాస్టర్‌లో ఆగకుండా ఇటుకలోకి దిగేలా. టైల్ మీద తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ చోటు వదిలెయ్యాలి. బిగించాక ఓ బరువైన మనిషి పూర్తిగా లాగి చూసేదాకా ప్లంబర్‌కు డబ్బు ఇవ్వొద్దు.

శిక్షణ ఎందుకు అనేవాళ్లకు కేరళ ఉంది. 2001లో మలప్పురం జిల్లాలో మొదలైన పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులున్నవాళ్లకు బాధ తగ్గించే సేవ) బృందాలు వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన మామూలు మనుషుల్నే తీసుకున్నాయి. తీసుకుని నేరుగా ఇళ్లకు పంపలేదు. 16 గంటల పాఠాలు, ఆపైన నాలుగు రోజులు అనుభవమున్నవాళ్ల వెంట రోగుల దగ్గరికి. మన కాలనీకి అంత అక్కర్లేకపోవచ్చు. రెండేసి గంటల చొప్పున మూడు ఆదివారాలు, ఆ తర్వాత నెల రోజులు పాత వాలంటీర్‌తో జంటగా తిరగడం, దీనికి తక్కువైతే ఒప్పుకోకూడదని మా అభిప్రాయం.

"లీడర్ అంటే 24 గంటలూ ఫోన్ ఎత్తేవాడు"

అలాంటి లీడర్ ఆరు నెలలు ఉంటాడు. ఆ తర్వాత ఇంట్లో గొడవ, లేదా జ్వరం, లేదా మూడు రోజులు పెళ్లికి వెళ్లడం. అప్పుడు తెలుస్తుంది, ఏ ఇంటి తాళంచెవి ఎక్కడుందో అతని తలలో తప్ప ఇంకెక్కడా లేదని. లీడర్ పని కాల్స్ ఎత్తడం కాదు, ఎవరు ఎత్తాలో ఖాళీ లేకుండా చూడటం. మూడు పనులు ముగ్గురి చేతుల్లో ఉండాలి: రోస్టర్, డబ్బు లెక్క, కొత్తవాళ్ల శిక్షణ. పన్నెండు పదిహేను ఇళ్లు దాటితే ఇంకో లీడర్. ప్రతి పెద్దమనిషికీ తెలిసిన వాలంటీర్లు ఇద్దరు.

అసలు పరీక్ష సంక్రాంతి. హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, వాలంటీర్లూ ఊరెళ్తారు, పనమ్మాయి రాదు, కింద కిరాణా కొట్టు మూత. ఊరెళ్లని పెద్దవాళ్లు మాత్రం అక్కడే ఉంటారు. డిసెంబర్ చివరికే జనవరి రెండో వారం రోస్టర్ రాయాలి, ఊరెళ్లనివాళ్ల పేర్లతో. మే నెల సెలవులదీ అదే తంతు, పైగా ఎండ: పై అంతస్తు ఫ్లాట్లకు మధ్యాహ్నం 3 గంటలకు ఇంకో కాల్. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు, 24 గంటల తర్వాత పారబోయాలి. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్లు తక్కువ తాగమన్నవాళ్లకు డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

"రసీదులు అడగడం పెద్దల్ని అవమానించడమే"

అవమానం కాదు, ఇద్దరికీ కాపలా. నెల తిరిగాక పెద్దాయనకు ఐదు వందలు ఇచ్చానో వెయ్యి ఇచ్చానో గుర్తుండదు, అమెరికా నుంచి కొడుకు ఫోన్‌లో అడుగుతాడు, వాలంటీర్ ముఖం చెల్లదు. మందుల షాపుకు పెద్దవాళ్లే యూపీఐ చేస్తే అంతకన్నా మేలు లేదు. నగదైతే ఇచ్చేటప్పుడు పైకి లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో ఇద్దరి సంతకాలు, బిల్లు అదే పేజీకి పిన్ చెయ్యాలి. ఏటీఎం పిన్, ఓటీపీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరిచ్చినా తీసుకోకూడదు. బ్యాంకు పనికి కార్డు పట్టుకుని వెళ్లక్కర్లేదు: 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే కొన్ని సేవలు అందించమని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకు చెప్పింది. వీలునామాకు సాక్షిగా నిలబడటం, నామినీగా పేరు రాయించుకోవడం, బంగారు ఉంగరం "గుర్తుగా" తీసుకోవడం, మూడింటికీ దండం పెట్టి వద్దనాలి. పోలీసులమంటూ వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించి ఎవరైనా డబ్బు వేయించుకున్నారని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు దొరకడం కష్టం.

ఇల్లు రాయించుకున్న కొడుకు చూడట్లేదని ఎవరైనా చెబితే వాలంటీర్ మధ్యవర్తిత్వానికి దిగకూడదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ ఉంది. చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేసే వీలు సెక్షన్ 23లో ఉంది. అర్జీ రాయడంలో సాయపడండి, అంతవరకే.

"ఇలాంటి గ్రూపు ఉంటే నర్సు అవసరమే రాదు"

ఈ మాట అన్నిటికన్నా ప్రమాదకరం. కేరళ వాలంటీర్లు నిలబడింది వాళ్ల వెనక ఇళ్లకు వచ్చే నర్సులు ఉండబట్టే. మంచం పట్టి ఇద్దరు కలిసి తిప్పాల్సినవాళ్లు, ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునేవాళ్లు, ఇన్సులిన్ మోతాదు రోజూ మారేవాళ్లు, మతిమరుపు జబ్బుతో రాత్రి గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయేవాళ్లు, వీళ్లను కాలనీ బృందం తన మీద వేసుకోకూడదు. వేసుకుంటే వాలంటీర్ తన చేతకాని పని చేస్తాడు, పిల్లలేమో "అక్కడ వాళ్లున్నారు కదా" అని నర్సును పెట్టడం వాయిదా వేస్తారు. చేరేటప్పుడు పిల్లలతో వీడియో కాల్‌లోనే చెప్పండి, మేం చేసేవి ఇవి, చెయ్యనివి ఇవి అని. అవే ఒక కాగితం మీద రాసి, దాని మీద వాళ్ల సంతకమూ తీసుకోవాలి. పరిస్థితి మారితే నర్సును ఎన్ని రోజుల్లో పెడతారో కూడా అందులోనే రాయించండి.

ఆ మెసేజ్ చివర 14567 నంబరు ఇచ్చి ఎప్పుడైనా చెయ్యమని రాశారు. పెద్దల కోసం ఉన్న ఎల్డర్ లైన్ అదే, ఉచితం, పనికొచ్చేదే. కాని పనిచేసేది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఫ్రిజ్ మీద అంటించే కాగితంలో ఆ నంబరు కింద ఆ వేళలు రాయండి, పైన పెద్ద అక్షరాలతో 108 రాయండి. దాని పక్కన అంబులెన్స్ డ్రైవర్‌కు చెప్పాల్సిన గుర్తు: ఏ గుడి పక్క సందు, స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఉందా లేదా, గేటు తెరిచే వాచ్‌మన్ ఫోన్ నంబరు.