తాళం వెనక నడిచే తెలుగు

హైదరాబాద్‌కు చెందిన ఇద్దరు యువ సంగీతకారులు, ఒకరు గొంతుతోనూ మరొకరు ల్యాప్‌టాప్, కీబోర్డులతోనూ కలిసి చేసిన కొత్త తెలుగు సింగిల్‌ను (విడిగా విడుదల చేసే ఒక్క పాటను) మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోగా నాలుగుసార్లు విన్నాను. (ఈ వ్యాసం ప్రచారపత్రంలా ఉండకూడదని వారి పేర్లు రాయడం లేదు.) ఎలక్ట్రానిక్ నియో సోల్ అన్న ముద్రతో వచ్చిన ఆ పాటను మిత్రులకు వినిపిస్తే సగం మంది ఒకే మాట అన్నారు: "బాగానే ఉంది గానీ, ఇది తెలుగు పాటేనా?" తెలుగు పాటే. అంతేకాదు, ఇప్పుడు వస్తున్న సినిమా పాటల్లో చాలావాటి కన్నా ఇందులోనే తెలుగు నుడి ఎక్కువగా వినిపిస్తోందని నా వాదన.

నియో సోల్ అంటే నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతానికి 1990లలో వచ్చిన కొత్త రూపం. 1995లో గాయకుడు డి'ఏంజెలో, 1997లో గాయని ఎరికా బాడు తొలి ఆల్బమ్‌లతో వచ్చారు. ఆ ధోరణికి రికార్డు నిర్మాత కెడార్ మాసెన్‌బర్గ్ పెట్టిన పేరు స్థిరపడిపోయింది. మనకు ఇక్కడ కావలసింది అందులోని ఒక్క సాంకేతికాంశం. వేలు కాస్త ముందో వెనకో తగిలినా ఆ దెబ్బను లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికి జరిపేసే క్వాంటైజ్ అనే సదుపాయం డ్రమ్ మెషీన్లలో ఉంటుంది. డెట్రాయిట్ నిర్మాత జె డిల్లా తరచూ దానిని పక్కన పెట్టి, వేలు పడిన చోటే దెబ్బను ఉంచేవాడు. 2006లో మరణించిన ఆయన వాడిన ఎంపీసీ 3000 అనే డ్రమ్ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దెబ్బ ఒకచోట, గొంతు దానికి రవ్వంత వెనక: ఈ తూగే నియో సోల్‌కు ప్రాణం.

ఈ వెనకబాటు మన భాషకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి చివర హల్లు ఉంటుంది కనుక ఆ హల్లు దగ్గర మాట తెగుతుంది, డ్రమ్ దెబ్బ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉన్నంతసేపూ మాట తెగదు. అది దెబ్బను దాటి అవతలికి జారుతుంది. ఈ సింగిల్ పల్లవిలో "ఇంకా రాలేదు" అన్న మాట ఉంది. గాయని "రా"ను తాళంలోనే అని, "లే"ను స్నేర్ డ్రమ్ దెబ్బ దాటేదాకా పట్టి ఉంచి, చివరి "దు"ను ఊపిరి వదిలినంత తేలికగా ఆ తర్వాతి ఖాళీలో వదిలేసింది. రాలేదని చెప్పే మాట తానే ఆలస్యంగా వచ్చింది. సాగింది గురువు, క్లుప్తంగా ముగిసింది లఘువు. ఛందస్సు చదివినవారు ఇంతకన్నా ఏం కోరతారు? మన భాషలో కలానికీ కాలానికీ తేడా ఒక దీర్ఘమే. ఏ అచ్చును సాగదీయవచ్చో, దేనిని ముట్టుకోకూడదో తెలియని గాయకులు ప్రేమలేఖ రాసే కలాన్ని కాలంగా మార్చేసి, చరణమంతా అయోమయం చేస్తారు. ఈమెకు ఆ తేడా తెలుసు. రెండో చరణంలో మాత్రం "మనసు"ను "మనసూ" అని సాగదీసింది. అది తప్పే, అక్కడ మాత్రం ఇంగ్లీషు పాట విన్నట్టే ఉంది.

పదాలు అనే శృంగార కీర్తనలు పాడేవారు ఇదే పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలను చౌక కాలంలో, అంటే బాగా నెమ్మదిగా, ఒక్కో మాటనూ ఆరబెట్టినట్టు పాడతారు. నాయిక అలక, ఎదురుచూపు, దెప్పిపొడుపు అన్నీ ఆ జాగులోనే పలుకుతాయి. తాళం మొదలైన తర్వాత పాట ఎత్తుకోవడాన్ని మన శాస్త్రం అనాగత గ్రహమని పిలిచింది. త్యాగరాజు కృతుల్లో ఇలాంటి ఎత్తుగడలకు కొదవ లేదు.

ఇదంతా వడ్డించిన విస్తరి కాదని, నల్లజాతి అమెరికన్ల చర్చిలలో, వారి కష్టంలో పుట్టిన సంగీతాన్ని మనవాళ్లు అరువు తెచ్చుకుని క్షేత్రయ్య పేరుతో సమర్థించుకుంటున్నారని ఒక విమర్శ ఉంది. అరువు మాట నిజమే, ఆ రుణం ఒప్పుకుని తీరాలి. గ్రహం ఎత్తుగడకు సంబంధించిందే తప్ప పాట పొడవునా సాగే జాగుకు కాదన్నదీ నిజమే. అయితే 19వ శతాబ్దం తొలినాళ్లలో కర్ణాటక విద్వాంసుడు బాలుస్వామి దీక్షితార్ చేతిలోకి వచ్చిన పాశ్చాత్య వాద్యం ఫిడేలు లేకుండా ఈనాడు కర్ణాటక కచేరీని ఊహించేవారెవరు?

అసలు చిక్కు మరోచోట ఉంది. పంజాగుట్టలో టీ తాగుతూ ఈ పాటను ఫోన్‌లో పెడితే, పక్క బల్ల దగ్గర పెద్దాయన వేలితో తాళం వేస్తూ పూర్తిగా విని, "ఏ సినిమాలోదండీ?" అని అడిగారు. సినిమాలోది కాదని చెబితే, "మరి ఎందుకు చేశారు?" అన్నారు. ఆయనను తప్పుపట్టలేం. మన దగ్గర పాట అంటే సినిమా పాటేనన్న అర్థం అంతగా నాటుకుపోయింది. ఒకప్పుడు ఇలా లేదు. పక్కకు సుమారు మూడు నిమిషాలు పట్టే 78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో సినిమాతో సంబంధం లేని పాటకు "ప్రైవేటు పాట" అని ఒక పేరు, ఇంట్లో ఒక చోటు ఉండేవి. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల అలాగే రికార్డులకు ఎక్కించారు, జనం కంఠతా పట్టారు. హైదరాబాద్ ఆకాశవాణిలో పాలగుమ్మి విశ్వనాథం లలిత గీతాలకు బాణీలు కట్టారు, శ్రోతలకు నేర్పించారు. సింగిల్ అన్న మాట లేకపోయినా ఆ సరుకు మన దగ్గర ఉండేది. రేడియోలో దానికి దక్కిన సమయాన్ని ఎఫ్ఎం, టీవీ, ఇప్పుడు రీళ్లు సినిమాకు రాసిచ్చాయి. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని హీరో, దర్శకుడు, సందర్భం ఏవీ లేకుండా పాట చేస్తే, ఎందుకు చేశారని అడిగే స్థితికి మనం వచ్చింది ఆ దారినే.

ఆ ఇద్దరు మాత్రం తమ పాట కింద వర్గం అన్నచోట "ఇండీ" (ఇండిపెండెంట్, అంటే స్వతంత్రంగా చేసినది) అని రాసుకున్నారు. తర్వాతి సింగిల్‌కైనా అక్కడ "ప్రైవేటు పాట" అని రాయమని వారికి నా మనవి. పంజాగుట్ట పెద్దాయనకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది.