లింక్ నొక్కితే ఆట, యాప్ దింపితే బేరం

మొన్న ఊరెళ్ళినప్పుడు మా అమ్మ ఫోన్ స్టోరేజ్ ఫుల్ అని మొరాయిస్తుంటే పట్టుకుని కూర్చున్నా. మనవడి కోసం వేసిన గేమ్ యాప్‌లే పదకొండు తేలాయి. అందులో ఒక క్యారమ్స్ ఆట తెరిచా, ముందు నోటిఫికేషన్లకి పర్మిషన్ అడిగింది, తర్వాత కాంటాక్ట్స్ అడిగింది (క్యారమ్స్‌కి మా పాలవాడి నంబర్ ఎందుకో!), ఆ తర్వాత ముప్పై సెకన్ల యాడ్, ఆ యాడ్ మూసే ఇంటూ గుర్తు ఎంత చిన్నదంటే అరవై దాటిన వేలు దాని మీద పడదు, పక్కన పడుతుంది, పడగానే ఇంకో యాప్ డౌన్‌లోడ్ పేజీ తెరుచుకుంటుంది. పదకొండు ఎలా పోగయ్యాయో అప్పుడర్థమైంది. అన్నీ పీకేసి బ్రౌజర్లో చెస్ ఆడుకునే లింక్ ఒకటి హోమ్ స్క్రీన్ మీద పెట్టిచ్చా. ఇప్పుడు తాతామనవళ్ళు దాంట్లోనే ఆడుతున్నారు.

జనం మళ్ళీ బ్రౌజర్ గేమ్స్ వైపు ఎందుకు పోతున్నారంటే పాత జ్ఞాపకాల వల్ల అని కొందరంటారు, నేనొప్పుకోను. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి (అప్పట్లో బ్రౌజర్ ఆటల్ని నడిపించిన ప్లగిన్) సపోర్ట్ ఆగిపోయినప్పుడు ఇక బ్రౌజర్ ఆటల పని అయిపోయిందనే అనుకున్నారంతా. అప్పటికే హెచ్‌టీఎంఎల్5, వెబ్‌జీఎల్, వెబ్ అసెంబ్లీ లాంటి వెబ్ టెక్నాలజీలు వచ్చేసి ఏ ప్లగిన్ లేకుండా పేజీలోనే ఆట నడిచే రోజులొచ్చాయి. టెక్నాలజీ సంగతి అంతవరకే. అసలు సంగతి మర్యాదది.

వర్డిల్ గుర్తుందిగా, ఆరు ప్రయత్నాల్లో ఐదక్షరాల ఇంగ్లీష్ మాట కనిపెట్టే ఆట. జాష్ వార్డిల్ అనే ఇంజనీర్ తన పార్ట్‌నర్ కోసం చేసిన ఆట, 2021 నవంబర్ 1న ఆడింది 90 మంది, రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు. యాప్ లేదు, యాడ్ లేదు, లాగిన్ లేదు, రోజుకి ఒక్క మాట, అది కనుక్కున్నావా లేదా, అంతే, ఇక పోయి పని చూసుకో, రేపు రా. జవాబుల జాబితా దాదాపు 2,300 మాటలు ఆ పేజీ కోడ్‌లోనే ఉండేవి, పేజీని సేవ్ చేసుకుని నెట్ లేకుండా ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చని కొందరు కనిపెట్టారు కూడా. అదే టైమ్‌లో ఇంకొకాయన దీన్ని కాపీ కొట్టి అదే పేరుతో యాప్ పెట్టి ఏడాదికి 30 డాలర్ల సబ్‌స్క్రిప్షన్ అడిగాడు. జనం దుమ్మెత్తిపోశారు, ఆపిల్ అలాంటి కాపీల్ని స్టోర్‌లోంచి తీసేసింది. ఒకటే ఆట, లింక్‌లో ఉంటే ఒక బుద్ధి, యాప్‌లోకి రాగానే ఇంకో బుద్ధి.

ఇది మనుషుల మంచితనానికి సంబంధించింది కాదండీ, లెక్కకి సంబంధించింది. ఒక మనిషి చేత యాప్ ఇన్‌స్టాల్ చేయించాలంటే కంపెనీ యాడ్లకి డబ్బు పోయాలి, పోసింది రాబట్టుకోవాలి, వచ్చినదాంట్లో స్టోర్ వాటా 15 నుంచి 30 శాతం పోతుంది, అందుకని నువ్వు ఆట వదిలేసి వెళ్ళిపోతే వాళ్ళకి నష్టం, అందుకే రాత్రి పదకొండింటికి 'మీ లైవ్స్ నిండాయి' అని ఫోన్ టింగుమంటుంది, అందుకే నాణేలు, రత్నాలు, రోజూ వస్తే బోనస్, ఒక్కరోజు మానేస్తే పోతుందనే బెదిరింపు. లింక్‌తో వచ్చిన ఆటకి ఈ బాధ లేదు. వాట్సాప్‌లో ఒకడు పంపాడు, నువ్వు నొక్కావు, నచ్చితే ఇంకొకడికి పంపావు. 2014లో గాబ్రియేలే చిరుల్లి అనే 19 ఏళ్ళ ఇటలీ కుర్రాడు ఒక వీకెండ్‌లో 2048 అనే అంకెల ఆట చేసి కోడ్‌తో సహా ఊరికే ఇచ్చేశాడు, మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో దాన్ని ఆడనివాడెవడు?

పెద్ద గేమ్స్ బ్రౌజర్లో నడవవు, సిగ్నల్ పోతే చాలావరకు ఆట ఆగిపోతుంది, ఉచిత గేమ్స్ సైట్లలోనూ యాడ్లు బోలెడు, వర్డిల్‌ని కొనుక్కున్న న్యూయార్క్ టైమ్స్ కూడా దాన్ని తన యాప్‌లో పెట్టింది కదా అంటారు. నిజమే. కానీ ట్యాబ్ మూస్తే ఆ సైట్ నా ఫోన్లో తిష్ట వేసి కూర్చోదు, నాకు ఆ తేడా చాలు.

అసలు నన్ను కదిలించేది ఆట కంటే పెద్దది, గుమ్మం ఎవరిదీ అనేది. 2022 అక్టోబర్‌లో ప్లే స్టోర్ పేమెంట్ రూల్స్ విషయంలో మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, 2025లో అప్పీలు విన్న ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకి తగ్గించింది. ఈ మధ్యలోనే 2024 మార్చి 1న ఫీజు గొడవలో మన దేశంలోని పెళ్ళి సంబంధాల యాప్‌లు, ఉద్యోగాల యాప్‌లు కొన్ని స్టోర్‌లోంచి మాయమయ్యాయి, ప్రభుత్వం కలగజేసుకున్నాక వెనక్కొచ్చాయి. వాటి వెబ్‌సైట్లు మాత్రం ఆ రోజు కూడా తెరుచుకున్నాయి!

మన తెలుగుకి కావల్సింది ఈ తెరిచిన గుమ్మమే. వర్డిల్‌లో ఐదు గళ్ళకి ఐదక్షరాలు, అక్షరం సరైన చోట ఉంటే పచ్చ, మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, సులువు. మనకి 'స్త్రీ' చూడ్డానికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు ముక్కలు. మరి గడిలో ఏది పెట్టాలి? జవాబు 'కి' అయినచోట నేను 'కా' పెడితే హల్లు కరెక్టే, గుణింతం తప్పు, దానికి పచ్చా పసుపూ చాలవు, మూడో రంగు కావాలి. ఆ మూడో రంగు పెట్టడానికి ఏ పెద్ద కంపెనీ మీటింగ్ పెట్టదు, వాళ్ళకి గిట్టుబాటు కాదు. జావాస్క్రిప్ట్ వచ్చిన ఒక బీటెక్ కుర్రాడో అమ్మాయో పట్టుదలగా కూర్చుంటే గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకునే సైట్) పైసా ఖర్చు లేకుండా పెట్టేయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు, వాటా ఇవ్వక్కర్లేదు.

మా అమ్మ ఇప్పటికీ ఆదివారం పేపర్ రాగానే పెన్సిల్ తీసుకుని గళ్ళ నుడికట్టు ముందేసుకుంటుంది, పూర్తయ్యేదాకా కాఫీ కూడా ముట్టదు. అలా మూడు రంగులతో బాగా కుదిరిన తెలుగు ఆట ఎవరైనా చేసుంటే లింక్ పంపండి, ఆవిడ హోమ్ స్క్రీన్ మీద చెస్ పక్కన ఒక చోటు ఖాళీ ఉంచా.