డబ్బా మీద డీఎన్‌ఏ బొమ్మ

వెల్‌నెస్ పేరుతో అమ్మే డబ్బా మీద మెలికలు తిరిగిన డీఎన్‌ఏ బొమ్మ లేకపోతే ఇప్పుడు సరుకు కదిలేట్టు లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం గంటస్తంభం దాకా ఏ మందుల షాపు చూడండి, కౌంటర్ మీద కొలాజెన్ పొడి, పొట్టలో మంచి బ్యాక్టీరియాని పెంచుతామనే సాచెట్లు, జుట్టు ఊడకుండా తినే గమ్మీలు. దగ్గు మందు అడిగితే మాత్రం లోపలికెళ్లి వెతికి తేవాలి. "బయోటెక్నాలజీతో తయారైంది" అన్న ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, కూరగాయల దగ్గర రెండు రూపాయలకి గీచి గీచి బేరమాడే మనం అక్కడ నోరెత్తకుండా డబ్బులు కట్టేస్తాం.

సైన్సు అబద్ధం కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. షుగరు రోగులకు ఇచ్చే ఇన్సులిన్‌ని ఒకప్పుడు ఆవుల, పందుల క్లోమం నుంచి తీసేవాళ్లు; 1978లో అమెరికాలో మనిషి ఇన్సులిన్ జన్యువుని ఇ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి దానిచేతే తయారు చేయించారు, 1982కి అది అక్కడ మందుగా అనుమతి తెచ్చుకుంది. మన దగ్గర వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది, దిగుమతి టీకా ధర చూసి వెనక్కి తగ్గిన ఇళ్లలో కూడా పిల్లలకి ఆ సూది పడింది. మీరు మింగే బి12 మాత్ర బ్యాక్టీరియాని పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి తీసిందే. మొహానికి రాసుకునే సీరమ్‌లోని హయలురానిక్ యాసిడ్‌ని ఒకప్పుడు కోడిపుంజు తల మీది ఎర్ర జుట్టు నుంచి తీసేవారు, ఇప్పుడు అదీ ఎక్కువగా బ్యాక్టీరియా పనే (సంక్రాంతి పుంజులకి ఒక గండమైనా తగ్గింది).

పేచీ ఎక్కడంటే, ఇన్సులిన్ లాంటిది మందుగా బయటికి రావాలంటే మనుషుల మీద పరీక్షలు చేసి, పనిచేస్తుందని, ప్రమాదం లేదని కాగితాల మీద చూపించాలి. ఫుడ్ సప్లిమెంట్‌కి ఆ బాధ లేదు, ఆహారం కింద లైసెన్సు తెచ్చుకుంటే సరి. ఆ లైసెన్సు నంబరు చూపించి "గవర్నమెంటు అప్రూవ్ చేసింది" అంటారు. అది సరుకు పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఇలాంటివి జబ్బు తగ్గిస్తాయని చెప్పకూడదు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" (మందుగా వాడటానికి కాదు) అని కనపడేట్టు రాయాలి. రాస్తున్నారు కూడా. డబ్బా వెనకాల, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో. జబ్బులు తగ్గుతాయన్న మాట అచ్చులో ఉండదు, నోటితో చెప్తారు. షాపులో కుర్రాడు చెప్తాడు, పొద్దున్నే షేక్ తాగించే న్యూట్రిషన్ క్లబ్బులో తెలిసిన అక్క చెప్తుంది. తెలిసిన అక్క చెప్తే నమ్మకపోవడం మన వల్ల కాదు.

ఆ క్లబ్బుల్లో చెప్పులిప్పి ఎక్కించే మెషిన్ సంగతి ఒకటి చెప్పాలి. ఎక్కగానే కొవ్వు ఇంత, ఎముక ఇంత, "మీ వయసు 38, మీ ఒంటి వయసు 52" అని చూపిస్తుంది, అవతలి మనిషికి చెమటలు పడతాయి. నిజానికి అది అరికాళ్ల నుంచి సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీరెంత ఉందో అంచనా కట్టి, మిగతావన్నీ ఆ అంచనా మీద లెక్కలు వేస్తుంది. పొలంలో చెమటోడ్చి వచ్చి ఎక్కితే ఒక లెక్క, చెంబుడు నీళ్లు తాగి కాసేపు కూర్చుని ఎక్కితే ఇంకో లెక్క రావచ్చు. ఆ కాగితం చూసి నెలకి వేల రూపాయల పొడి కొనిపిస్తున్నారు.

వేరే జిల్లాల్లో అయితే డబ్బులు పోయాయిలే అని ఊరుకోవచ్చేమో. ఇక్కడ, శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానం ప్రాంతం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు షుగరు లేకుండా, బీపీ లేకుండా కిడ్నీలు పోతున్న మనుషులు ఊరూరా ఉన్నారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో జీడితోటల్లో నీళ్లు తాగకుండా చేసే పని అన్నారు, జన్యువులన్నారు. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఇలాంటి చోట ఏం కలిసిందో తెలియని పొడిని "డీటాక్స్" అని అమ్మడాన్ని మేం మామూలు వ్యాపారం అనలేం. ఒంట్లో మలినాలు కడిగే పని కిడ్నీలదే. అవి సగం దెబ్బతినేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెద్దగా పెరగదు, అంటే "నాకేం లేదు" అనుకుంటూ డబ్బా మూత తీసే మనిషికి అప్పటికే కిడ్నీ జబ్బు ఉండొచ్చు. పైగా జిమ్ కుర్రాళ్లు వాడే క్రియాటిన్ పొడి ఒంట్లో క్రియాటినిన్‌గానే మారుతుంది. కిడ్నీ బాగున్నా రిపోర్టులో అంకె పెరిగి అనవసరపు టెన్షన్, డాక్టరుకేమో లెక్క తికమక.

భయపెట్టడానికి చెప్పడం లేదు, జరిగిన సంగతే చెప్తాం. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఒక బరువు తగ్గించే క్లినిక్ చైనా మూలికల మాత్రలిచ్చింది. అవి వాడిన ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పోయాయి, తర్వాత లెక్క వందమంది దాటింది, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆరా తీస్తే, వేయాల్సిన మూలిక బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసింది. మన ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతివే. ఉద్దానం జబ్బుకి ఇదే కారణమని మేం అనడం లేదు, అనడానికి ఆధారమూ లేదు. కానీ "మూలికలే కదా, ఏం కాదు" అనే మాట ఈ జిల్లాలో ఎవరూ అనకూడదని మాత్రం అంటున్నాం.

సరిగ్గా ఇక్కడే బయోటెక్నాలజీతో మనకి అసలు పని. డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అని ఒక పద్ధతి ఉంది, ఎండు ఆకు పొడి చిటికెడు ఇచ్చినా అది ఏ మొక్కదో పట్టేస్తుంది. కాచి వడగట్టిన సారంలో డీఎన్‌ఏ చెదిరిపోతుంది కాబట్టి దానికి రసాయన పరీక్ష వేరే చేయాలి. డబ్బా మీద బొమ్మగా వేసుకుంటున్న ఆ డీఎన్‌ఏనే డబ్బా లోపలి సరుకుని పట్టివ్వగలదు, అడిగే నాథుడుండాలి.

ఇక బరువు తగ్గే ఇంజెక్షన్లు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశానికి వచ్చాయి, వెగోవీలోని సెమాగ్లూటైడ్‌కి ఇక్కడ పేటెంట్ 2026 మార్చి వరకే, ఆ తర్వాత వేరే కంపెనీలూ చేసుకోవచ్చు. ఇవి ఉత్తుత్తి సరుకులు కావు, గట్టి పరీక్షల్లో నెగ్గినవి. సెమాగ్లూటైడ్ అయితే షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ముప్పుని 24 శాతం తగ్గించిందని 2024లో తేలింది. గట్టి మందు కాబట్టే జాగ్రత్త. ఆ ఫలితం షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బుది, ఉద్దానం జబ్బు వేరు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి దెబ్బ తగలొచ్చని ఆ మందు కాగితంలోనే ఉంది. మే నెలలో పలాస ఎండ తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. పెళ్లి ముహూర్తానికి పది కిలోలు తగ్గాలని డాక్టరు చీటీ లేకుండా తెప్పించుకునేది కాదు అది.

ప్రోబయోటిక్స్, అంటే ఆ మంచి బ్యాక్టీరియా సాచెట్ల గురించి తొందరగా చెప్పేస్తాం. నిబంధన ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్ల సూక్ష్మజీవులు ఉండాలి, అవీ బతికి. వేడికి వాటిలో చాలా రకాలు చస్తాయి, కాబట్టి మండుటెండలో కొరియర్ వ్యానులో తిరిగిన సాచెట్‌లో ఎన్ని మిగిలాయో చూడాలి. బతికున్నా అందరికీ పనికొస్తాయని కాదు. జీర్ణకోశ జబ్బుల్లో చాలావాటికి వీటిని సిఫారసు చేయలేమని అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో తేల్చింది. అలాగని మన తరవాణిని (అన్నం, గంజి నీళ్లలో పులియబెట్టింది) నెత్తిన పెట్టుకుని "మా అమ్మమ్మలకి ఇవన్నీ ఎప్పుడో తెలుసు" అనే వాట్సాప్ ఫార్వార్డులకీ మేం వంత పాడం. తరవాణి చల్లగా, పుల్లగా బాగుంటుంది, తాగండి. దానికి సైన్సు బిళ్ల తగిలించి సీసాల్లో అమ్మే రోజు వస్తే దాని మీదా ఇలాగే రాస్తాం.

మీ లాలాజలం పంపండి, మీ జన్యువులకి తగిన డైట్ చెప్తాం అనేవాళ్లు ఇంకొకరు. అమెరికాలో 609 మంది మీద ఏడాది పాటు చూశారు, జన్యువుల్ని బట్టి ఎవరికి ఏ డైట్ పనిచేస్తుందో చెప్పలేమని 2018లో తేలింది. డైట్ సంగతి అలా ఉంచండి, పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, జన్యువుల చిట్టా పోతే మీతోపాటు మీ పిల్లలదీ పోయినట్టే. ఈ పరీక్షల్లో పేరుమోసిన 23అండ్‌మీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి, 2025 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది.

ఇంత తిట్టాక మెచ్చుకోవాల్సింది కూడా మన గడప దగ్గరే ఉంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో ఇంద్రావతి అని ఒక చోడి (రాగి) రకం తయారైంది. 2020 అక్టోబరులో ప్రధాని దేశానికి అంకితం చేసిన 17 పోషక రకాల్లో అదొకటి. వంద గ్రాముల్లో 428 మిల్లీగ్రాముల కాల్షియం, మామూలు చోళ్ల కంటే ఇనుము, జింకు ఎక్కువ. జన్యువులు మార్చి కాదు, మంచి మొక్కల్ని ఏరి సంకరం చేసి తెచ్చిందే. దాని మీద మెరిసే డబ్బా లేదు, ప్రకటన లేదు, సినిమా తార లేదు. ఏజెన్సీ అంచున చోళ్లు వేసే రైతుకి ఆ విత్తనం అడిగినంత దొరకాలి, పండించింది గిట్టుబాటు ధరకి కొనాలి, బడిలో పిల్లలకి పోసే జావలోకి అదే వెళ్లాలి. కాల్షియం గమ్మీల కోసం నెలనెలా ఖర్చుపెట్టే ఇంట్లో కూడా చోడి అంబలి కాచడం ఇంకా ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది.

కేంద్రం 2024 ఆగస్టులో బయోటెక్నాలజీ తయారీని పెంచడానికి బయోఈ3 అనే విధానం తెచ్చింది, పోషకాహారాలు, కొత్త రకం ప్రోటీన్లు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే, పెట్టుబడులూ రావాలి, మన పిల్లలకి ఉద్యోగాలూ రావాలి. రెండు జిల్లాల కలెక్టర్లని మాత్రం మేం అడిగేది చిన్నది. ఫుడ్ సేఫ్టీ అధికారులు మిఠాయి కొట్లలో, నూనె డబ్బాల్లో తీసే శాంపిళ్లతోపాటు ఈ పొడులవీ, డీటాక్స్ సీసాలవీ తీయాలి, ముందు పలాస, ఇచ్ఛాపురం వైపు మొదలుపెట్టాలి. ఏ డబ్బాలో ఏముందో, బ్రాండు పేరుతో సహా, తెలుగులో రాసి ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి.