కలువల కోసం కట్టిన తొట్టి

కాకినాడలో మా ఇంటి పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల సిమెంటు తొట్టి కట్టించినప్పుడు నా మనసులో ఉన్నవి కలువపూలే గాని కప్పలు కావు. దుంపలను బంకమట్టిలో పాతి, నీళ్ళు నింపి, రోజూ ఉదయం కాఫీ గ్లాసుతో ఆ గట్టు మీద కూర్చోవాలని నా కోరిక. కలువ మొదటి ఆకు తేలడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మొదటి కప్ప రావడానికి నాలుగు రోజులు చాలాయి. దానికి ఎవరు కబురు పెట్టారో, రెండు వీధులు దాటి ఎలా వచ్చిందో తెలియదు గాని, తొట్టి తన పేరనే రిజిస్టరు అయినట్టు గట్టు మీద కూర్చుని నన్ను తేరిపార చూసింది.

ఇంటికి వచ్చినవారిని పొమ్మనడం మా ఇంటా వంటా లేదు కనుక దాని యోగక్షేమాలు విచారించడం మొదలుపెట్టాను. కప్ప నోటితో నీళ్ళు తాగదనీ, చర్మం గుండానే పీల్చుకుంటుందనీ, అందుచేత నీటిలో ఏది కలిసినా తిన్నగా దాని ఒంట్లోకి పోతుందనీ చదివిన రోజున, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళను బకెట్లలో పట్టి ఒక రోజంతా ఎండలో ఉంచి మరీ తొట్టిలో పోయడం ఆరంభించాను. పిల్లకప్పలు నున్నటి గోడ ఎక్కలేక నీళ్ళలోనే ఉండిపోతాయని నాపరాయి పలక ఒకటి వాలుగా దించాను. దోమల కోసం గప్పీ చేపలు వేద్దామనుకుని, అవి చిరుకప్పలను కూడా వదలవని తెలిసి మానేశాను. నా మోకాళ్ళ నొప్పుల గురించి ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్క పేజీ అయినా చదివారా అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు నేను కప్పదాటు వేశాను.

ఏడాది తిరిగేసరికి మా పెరట్లో మూడు నాలుగు జాతులు స్థిరపడ్డాయి. నీటి అంచున ఉండే చిన్నవి అడుగుల చప్పుడు వినగానే, చెరువులో మనం ఏటవాలుగా విసిరిన పెంకుముక్క లాగా, నీటి మీదనే టపటపా గెంతుతూ అవతలి ఒడ్డుకు పోతాయి. చెట్టుకప్ప పద్ధతి వేరు. అది పగలంతా మా స్నానాల గదిలో అద్దం వెనక, గోడకు అతికించిన మట్టిముద్ద లాగా కదలకుండా ఉంటుంది. దానితో తొలి పరిచయం మా ఆవిడకు తల మీద చెంబుడు నీళ్ళు పోసుకున్న క్షణంలో జరిగింది కనుక, ఇప్పుడు ఆవిడ తలుపు మూడుసార్లు తట్టి, లోపలివారికి సర్దుకునే వ్యవధి ఇచ్చి, ఆ తరవాతే ప్రవేశిస్తుంది. వానలు పడగానే ఆ చెట్టుకప్పే తొట్టి మీదికి వంగిన కొమ్మకు తెల్లని నురుగు గూడు కట్టింది. గుడ్లు అందులో పొదిగి, పిల్లలు కింది నీటిలోకి జారిపడతాయి. మా ఆవిడ మాత్రం ఆ నురుగును చూసి, ఈ వయసులో పళ్ళు తోముకుని చెట్ల మీద ఉమ్మడమేమిటని వారం రోజులు నన్ను అనుమానించింది.

ఇంతవరకు అంతా ఇంటిగుట్టే. అసలు గొడవ నిరుడు జూన్‌లో, మొదటి పెద్దవాన కురిసిన రాత్రి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చాయో గాని, జానెడేసి బోదురుకప్పలు తొట్టి చుట్టూ చేరాయి. మగకప్పలు ఆ ఒక్క రుతువులో పసుపు దంచి పూసుకున్నట్టు పచ్చగా మారిపోతాయి. అరిచినప్పుడు గొంతుకు రెండువైపులా నీలం బుడగలు ఉబ్బుతాయి. టార్చి వెలుగులో ఆ దృశ్యం చూసి నేను పొంగిపోయాను. అయితే అవి చూడడానికి ఎంత బాగుంటాయో వినడానికి అంత బాగుండవు. దూడ ఒకటి నూతిలో పడి అరుస్తున్నట్టు ఒకటి మొదలుపెడితే మిగిలినవి అందుకుంటాయి. తెల్లవారుజామున మూడున్నరకు పక్కింటి మాష్టారు గోడ మీదుగా తల పెట్టారు.

ఆయన లెక్కల మాష్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. విశ్రాంతి అన్న మాటను ఆ రాత్రి ఆయన నాలుగుసార్లు వాడారు. మా రెండిళ్ళకు మంచి స్నేహం. ఉగాదికి బొబ్బట్లు ఇటు నుంచి, అట్లతద్దికి అట్లు అటు నుంచి పళ్ళేలలో వెళుతూ వస్తూ ఉంటాయి. ఆ చనువు కొద్దీ నేను, ఈ గోల మూడు నాలుగు రాత్రులకు మించదనీ, గుడ్లు పెట్టగానే వాటి దారిన అవి పోతాయనీ, పైగా ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం అచ్చంగా కప్పల మీదనే ఉందనీ, ఒక కప్ప పలికిన దాన్ని మరొకటి గురువు మాటను శిష్యుడు వల్లించినట్టు వల్లిస్తుందని అందులో చెప్పారనీ విన్నవించాను. మాష్టారు ఓపికగా విన్నారు. "ఆ ఋషి గారి పడకగది కిటికీ ఎటువైపు ఉండేదండీ?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు రాత్రి కప్పలను పట్టి, తెల్లవారకముందే ఊరి చివరి పంటకాలువ దగ్గర వదిలి రావాలని నిశ్చయించుకున్నాను. మన దేశం నుంచి కప్పకాళ్ళ ఎగుమతిని 1987లో నిషేధించక ముందు పట్టేవారు టార్చి వెలుగు కళ్ళలో వేస్తే కప్ప కదలదన్న కిటుకునే వాడేవారట. కప్ప కదలని మాట నిజమే. కాని దాన్ని అందుకోబోయే మనిషి నాచు పట్టిన గట్టు మీద నిలబడి ఉంటాడని ఆ కిటుకులో ఎక్కడా లేదు. రెండుసార్లు తొట్టిలో కూర్చున్నాను. పట్టిన దాన్ని బకెట్లో వేయబోతే లోపలున్నది పైకి దూకేది. కప్పల తక్కెడ అన్న మాట పుట్టించిన పెద్దమనిషి ఎవరో గాని, ఊహించి అన్నది కాదు, తూచి చూసి అన్నదే. చివరికి ఏడింటిని బకెట్లో చేర్చి, వంటింట్లో చేతికందిన వెడల్పాటి స్టీలు పళ్ళెం మూతపెట్టి, దాని మీద ఒక ఇటుకముక్క ఉంచి, స్కూటరు ముందు భాగంలో కాళ్ళ మధ్య ఇరికించుకుని బయలుదేరాను.

ప్రయాణం ముప్ఫై గజాలు సాగింది. మాష్టారి గేటు ముందుకు వచ్చేసరికి కుక్క ఒకటి అడ్డం పడింది, నేను బ్రేకు నొక్కాను, బకెట్టు ముందుకు ఒరిగింది. పాలవాడి కోసం ఆయన గేటు తెరిచే ఉంది. వాకిలి అప్పుడే కడిగి, ముగ్గు వేయడానికి సిద్ధంగా ఉంచినట్టున్నారు, నేలంతా తడితడిగా నిగనిగలాడుతోంది. తడి కనిపిస్తే కప్పకు వేరే చిరునామా అక్కరలేదు. ఏడింటికి ఏడూ వరుసగా, అణకువగా, పిలిచిన పేరంటానికి వచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయాయి. పళ్ళెం మాత్రం అంచు మీద నిలబడి, గంట కొట్టినట్టు మోగుతూ, గిర్రున తిరుగుతూ, చుట్టు చుట్టుకూ చిన్నదవుతూ ఎంతకీ పడుకోదే! లోపల దీపం వెలిగింది. నేను స్కూటరును నడిపించుకుంటూ, బకెట్టు ఒక్కటే చేతబట్టుకుని ఇంట్లోకి వచ్చి దుప్పటి ముసుగు పెట్టాను.

ఆ రాత్రి మా పెరడు నిశ్శబ్దంగా ఉంది. గోడ అవతల మాత్రం వేదపాఠశాల తెరిచారు. వినబడనట్టు నేను ఎంత బాగా నిద్రపోయానో మా ఆవిడకు చెబితే, ఆవిడ దోసెపిండి మీద మూత కోసం ఇల్లంతా వెతుకుతూ సరిగా వినిపించుకోలేదు. పోయింది ఏ పళ్ళెమో అప్పుడు నాకు తట్టింది: మా పెళ్ళికి ఆవిడ మేనమామ చదివించినది, అంచు పొడుగునా మా ఇద్దరి పేర్లూ, తారీఖుతో సహా చెక్కించినది.

సాయంత్రం మాష్టారు స్వయంగా వచ్చారు. ముఖంలో కోపం లేదు సరికదా, లెక్క సరిపోయిన తృప్తి ఉంది. చేతిలో మా పళ్ళెం, దాని మీద బోర్లించిన గిన్నె, రెంటినీ కలిపి కట్టిన తుండుగుడ్డ. "పేర్లు చూసి మీదేనని పోల్చుకున్నాను. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని మా ఇంట్లో పట్టుబట్టారు" అని గట్టు మీద కాదు, సరాసరి మా ఆవిడ చేతుల్లో పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. గారెలై ఉంటాయంటూ మా ఆవిడ సంబరంగా ముడి విప్పుతుండగా, గిన్నె ఒకసారి అంగుళం ఎత్తు లేచి, మళ్ళీ తన చోట తాను కూర్చుంది.