పరగడుపు పౌరుషం

నగరంలోని పురుషుల సౌకర్యార్థం రక్త పరీక్షా కేంద్రాలు చేస్తున్న సేవను ఇంతవరకు ఎవరూ తగినట్టు కొనియాడకపోవడం అన్యాయం. మగతనపు హార్మోనైన టెస్టోస్టెరాన్ పరీక్షకు పొద్దున్నే లేవనక్కర్లేదు, కడుపు మాడ్చుకోనక్కర్లేదు; ఆఫీసు నుంచి వచ్చాక వీలైన వేళ ఫోనులో నొక్కితే చాలు, ఐసు పెట్టె తగిలించుకుని కుర్రవాడు గుమ్మంలోకి వస్తాడు, రాత్రి భోజనాల వేళకు మన పౌరుషం ఎంతో లెక్క తేలిపోతుంది.

ఇంత ఏర్పాటు జరిగిన సంగతి ఒంటికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ హార్మోను తెల్లవారుజామున ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గడం, తిన్నాక ఇంకాస్త దిగడం దాని పాత అలవాటు. అందుకే పరగడుపున, ఉదయమే రక్తం తీయాలనీ, తక్కువ వస్తే మరో ఉదయం మళ్లీ తీసి చూడాలనీ, లక్షణాలు కూడా ఉంటేనే దాన్ని లోపమనాలనీ హార్మోను వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 నాటి మార్గదర్శకాల్లో రాసింది. పాపం, వారికి మన గచ్చిబౌలి ట్రాఫిక్ సంగతి తెలియదు.

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటును ఊహించుకోండి. గృహస్థుకు ముప్పై నాలుగేళ్లు, పెళ్లయి రెండేళ్లు. మధ్యాహ్నం టీము విందులో బిర్యానీ, దాని మీద డబుల్ కా మీఠా. ముందు రోజు రాత్రి రెండింటిదాకా అమెరికా వారితో కాల్. వారం కిందటే వైరల్ జ్వరం. సాయంత్రం ఆరున్నరకు రక్తం ఇచ్చాడు. తొమ్మిదింటికి ఫోనులో 281 అనే అంకె ఎర్రగా, పక్కనే కిందికి చూస్తున్న బాణంతో ప్రత్యక్షమైంది. డెసీలీటరుకు 300 నానోగ్రాములకు తగ్గితే తక్కువన్నది అమెరికా యూరాలజీ సంఘం గీసిన గీత. కంచం ముందు కూర్చున్నవాడు ముద్ద ఎత్తలేదు.

“ఏంట్రా, షుగరా?” అన్నారు తండ్రి.

“కాదు నాన్నా, ఏదో విటమినట.”

“అయితే రేపు ఆ అబ్బాయిని నాకూ తీయమను, మోకాళ్లు లాగేస్తున్నాయి.”

ఈలోగా ఫోను మోగింది. “సార్, కంగారు పడకండి, మీ ఏజ్‌లో ఇప్పుడు అందరికీ ఉంటోంది, మూడు నెలల టెస్టోస్టెరాన్ ప్యాకేజీకి ఈఎంఐ కూడా ఉంది, జెల్ కావాలా, ఇంజెక్షనా?” అని ఒక ఆరోగ్య సలహాదారు తియ్యగా పలికింది. ఆ అంకెను కిందికి లాగగల జ్వరం గురించి, నిద్ర గురించి, గురక గురించి అడగడం ఆమె ఉద్యోగ ధర్మం కాదు. 1889లో పారిస్‌లో 72 ఏళ్ల వైద్య శాస్త్రజ్ఞుడు బ్రౌన్ సెకార్ కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని ఎక్కించుకుని తనకు యౌవనం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. ఆ రసంలో హార్మోను దాదాపు లేదని తర్వాత తేలిందనుకోండి, కానీ ఆ పెద్దమనిషి కనీసం తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నాడు.

మన గృహస్థు మొదట కొన్న రక్త పరీక్షల ప్యాకేజీలో ఎనభై చిల్లర పరీక్షలున్నాయి, రాగి, జింకు సైతం ఉన్నాయి. ఎల్‌హెచ్ అనే హార్మోను పరీక్ష లేదు. లోపం వృషణాలదా, పైనుంచి ఆజ్ఞ పంపవలసిన, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిదా అని తేల్చేది అదే, కాబట్టి లేదు. పొట్ట పెరిగినవారిలో ఎస్‌హెచ్‌బీజీ అనే వాహక ప్రొటీన్ తగ్గి, మొత్తం అంకె చిన్నదిగా కనిపించినా పనిచేసే భాగం సరిగానే ఉండవచ్చు, అదీ చూడలేదు. చికిత్సలో రక్తం చిక్కబడుతుంది, రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే మందు ఆపాలి. ఆ అంకె రిపోర్టు నాలుగో పేజీలో ఉంది, ఎర్రగా లేదు గనుక ఎవరూ చదవలేదు.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వచ్చి పడుతుంటే పిట్యూటరీ ఆజ్ఞలు ఆపేస్తుంది, వృషణాలు పని మానుకుంటాయి, వీర్యకణాలు తగ్గి చాలామందిలో సున్నాకు చేరతాయి. ఇదేమీ రహస్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఇంజెక్షన్లనే వారం వారం ఇచ్చి, మగవారి గర్భనిరోధక సాధనంగా పనికొస్తాయేమోనని పరీక్షించి, 1990లోనే ఫలితాలు ప్రకటించింది. పనికొచ్చాయి. పిల్లల కోసం చూస్తున్న మగవాడికి మగతనం పేరుతో గర్భనిరోధకం ఎక్కిస్తున్నారు, ఆ ముక్క చెప్పకుండా ఎక్కిస్తున్నారు, వాయిదాల మీద ఎక్కిస్తున్నారు! ఏడాది తిరిగేసరికి ఆ ఇల్లాలు సంతాన సాఫల్య కేంద్రంలో బెంచీ మీద ఉంటుంది. స్కాన్లు, థైరాయిడ్, ట్యూబుల్లోకి రంగు ఎక్కించే ఎక్స్‌రే, అత్తగారి దెప్పుళ్లు, మొక్కులు అన్నీ అయ్యాక, ఎవరికో గుర్తొచ్చి భర్త వీర్యాన్ని పరీక్షకు పంపుతారు. సున్నా. మందు ఆపితే చాలామందికి కణాలు తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. ఆ నెలలు ఎవరిస్తారు? ఆమె పడ్డ మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? “మీకు పిల్లలు కావాలా?” అని సూది గుచ్చే ముందు అడగడానికి రక్తం చుక్క అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు, నోరుంటే చాలు. వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందును ఫోనులో బేరమాడి అమ్మే ప్రతివాడూ ఆ ప్రశ్నను తెలిసే మింగుతున్నాడు.