శుక్రవారం పుట్టి సోమవారానికి పాతబడుతున్న ఆల్బమ్‌లు

“ఈ వారం తప్పక వినవలసిన ఇరవై కొత్త ఇండీ ఆల్బమ్‌లు” అంటూ శుక్రవారం పొద్దున్నే ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది. ఆ ఇరవైనీ ఎవరు వింటారు? ఒక్కో ఆల్బమ్ నలభై నిమిషాలే అనుకున్నా మొత్తం పదమూడు గంటల పైమాట. అదీ ఒక్కొక్కటి ఒక్కసారి వింటేనే. వచ్చే శుక్రవారానికి మరో ఇరవై సిద్ధం. జాబితా రాసినవారు కూడా అన్నీ విని ఉండరని పందెం కాస్తాను. ప్రతి ఆల్బమ్ పక్కనా ఉండే రెండు వాక్యాలు చదివితే తెలిసిపోతుంది: “కలలో తేలుతున్నట్టుండే శబ్దం, పదునైన గిటార్లు, నిజాయతీ నిండిన సాహిత్యం.” ఆ మాటలు పై ఆల్బమ్‌కు తీసి కింది ఆల్బమ్‌కు పెట్టినా ఎవరికీ తేడా తెలియదు.

నా కోపం ఒక్క జాబితాల మీదే కాదు. ఆల్బమ్ విడుదలను ఒక్కరోజు ముచ్చటగా మార్చేసిన మొత్తం ఏర్పాటు మీద. పెద్ద కంపెనీల తారలకు ఇది బాగానే సరిపోతుంది. వాళ్ల పాట వద్దన్నా చెవిన పడుతుంది. సొంత డబ్బుతోనో, చిన్న లేబుల్ (రికార్డు సంస్థ) అండతోనో రికార్డు చేసుకునే ఇండీ బ్యాండ్లు కూడా అదే రోజున, అదే గీత మీద నిలబడి పరుగెత్తాలనడమే నాకు మింగుడుపడదు.

ఈ శుక్రవారం అనాదిగా ఉన్నదేమీ కాదు. ఒకప్పుడు కొత్త రికార్డులు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం, జర్మనీలో, ఆస్ట్రేలియాలో శుక్రవారం వచ్చేవి. ఒక దేశంలో వచ్చిన ఆల్బమ్ మరో దేశంలో రాకముందే దొంగచాటుగా చేతులు మారుతోందని, రికార్డు కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ 2015 జులై 10 నుంచి ప్రపంచమంతటికీ శుక్రవారం ఖాయం చేసింది. అప్పుడే బెగ్గర్స్ గ్రూప్ అధిపతి మార్టిన్ మిల్స్ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. 4ఏడీ, మాటడార్, రఫ్ ట్రేడ్, ఎక్స్ఎల్ వంటి లేబుళ్లను నడిపే మనిషి ఆయన. జనాదరణ ఉన్న సంగీతం మార్కెట్టును ఆక్రమిస్తుందని, కొద్దిమంది వినే సంగీతం మరింత అంచుకు నెట్టుకుపోతుందని ఆయన భయపడ్డారు. పదేళ్లు గడిచాక ఆ మాట తప్పని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా?

2025 సెప్టెంబర్ నెలే తీసుకోండి. 5న బిగ్ థీఫ్ బ్యాండు ‘డబుల్ ఇన్ఫినిటీ’. 19న వెడ్నెస్‌డే అనే బ్యాండు ‘బ్లీడ్స్’. 26న గీస్ ‘గెటింగ్ కిల్డ్’. అదే 26న గాయని కేట్ లె బాన్ కొత్త ఆల్బమ్. అదే రోజున విల్కో బ్యాండు గాయకుడు జెఫ్ ట్వీడీ ముప్పై పాటలతో మూడు రికార్డుల సెట్టు. ఇవన్నీ జాబితాల్లో ఒకే వరుసలో, ఒకే సైజు బొమ్మలతో కూర్చున్నాయి. నిజానికి వీటికి ఒకదానితో ఒకటి పోలికే లేదు. బిగ్ థీఫ్‌లో బాస్ వాయించే సభ్యుడు వెళ్లిపోవడంతో మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురూ న్యూయార్క్ స్టూడియోలో మరింతమంది వాద్యకారులను కూర్చోబెట్టుకుని, అందరూ కలిసి వాయిస్తుండగా రికార్డు చేశారు. అందుకే అందులో పాటలకు కచ్చితమైన అంచులుండవు, ఒక వాద్యం ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ అందుకుందో పట్టుకోలేం. వెడ్నెస్‌డే నార్త్ కరోలినా బ్యాండు. కంట్రీ సంగీతంలోని స్టీల్ గిటారు ఒకపక్క దీర్ఘం తీస్తుంటే, దాని మీద మిగతా గిటార్లు విరుచుకుపడతాయి. ఆ రొదలో కార్లీ హార్ట్‌జ్‌మన్ చెప్పే చిన్న చిన్న కథలు మొదటి వినికిడిలో చెవికే అందవు. ఇక గీస్ గాయకుడు కామెరాన్ వింటర్ గొంతు శ్రుతికి ఒక అడుగు అటూ ఇటూ తూలుతూ పోతుంది. మొదట చిరాకు పుట్టవచ్చు. కొన్నిసార్లు విన్నాక ఆ తూలడమే పాటకు నడక అని అర్థమవుతుంది. ఆ కొన్నిసార్లు వినే తీరికనే ఈ శుక్రవారాల పద్ధతి మన దగ్గర లాక్కుంటోంది.

ఇప్పుడు సింగిల్స్ సంగతి. ఆల్బమ్‌కు నాలుగైదు నెలల ముందు ఒక పాట, మూడు వారాలకు మరొకటి, ఇంకో మూడు వారాలకు ఇంకొకటి. విడుదల రోజు వచ్చేసరికి పది పాటల్లో సగం ఇప్పటికే అరిగిపోయి ఉంటాయి. బ్యాండ్లకు ఇదేం సరదా అనుకునేవాణ్ని. కారణం స్ట్రీమింగ్ నిబంధనల్లో ఉంది. స్పాటిఫై సంపాదకుల ప్లేలిస్టులకు పాటను సూచించాలంటే అది ఇంకా విడుదల కానిదై ఉండాలి, ఒక్కసారికి ఒక్క పాటే పంపాలి. ఆల్బమ్ మొత్తం ఒకేసారి విడుదల చేస్తే తలుపు తట్టే అవకాశం ఒక్కటే. ఐదు పాటలను విడివిడిగా వదిలితే ఐదు. ఇలాంటప్పుడు బ్యాండును ఎలా తప్పుపడతాం? అయినా నష్టం నష్టమే. ఆల్బమ్‌కు ఒక వరుస ఉంటుంది. మూడో పాట గోల తర్వాత నాలుగోది నెమ్మదిగా మొదలవడానికి, చివరి పాట అంత పొడుగ్గా ఉండడానికి ఒక ఆలోచన ఉంటుంది. ఆ ముక్కలను ముందే విడివిడిగా రుచి చూపించాక వరుసకు విలువేముంది? విడుదల రోజున ఆల్బమ్ పెట్టుకుంటే, తెలిసిన పాటల మధ్య తెలియనివి ఖాళీలు పూరించడానికి వచ్చినట్టు వినిపిస్తాయి. నా మటుకు నేను ముందుగా వచ్చే సింగిల్స్ వినడం మానేశాను. కథలో చివరి అధ్యాయం ముందే చదివేవాళ్లతో నాకు మొదటి నుంచీ పొసగదు.

సింగిల్స్ లేకపోతే కొత్త బ్యాండు పేరు ఎవరికి తెలుస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకటి వదలండి, రెండు వదలండి. ఆరు అక్కర్లేదు. ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే మూడు మిగులు పాటలు చేర్చి ‘డీలక్స్’ పేరుతో మళ్లీ అమ్మడం కూడా అక్కర్లేదు. అదే ఆల్బమ్‌ను ఆరు రంగుల వినైల్ (గ్రామఫోన్ తరహా) రికార్డులుగా అమ్మే సంగతి చెప్పడం మొదలుపెడితే ఈ పోస్టు పూర్తికాదు.

చేయడానికి పట్టే కాలానికీ వినడానికి మనం ఇచ్చే కాలానికీ మధ్య దూరం చూస్తే నాకు సిగ్గేస్తుంది. కెనడా బ్యాండు ఆల్వేస్ 2017లో రెండో ఆల్బమ్ తెచ్చింది. మూడోది ‘బ్లూ రెవ్’ రావడానికి 2022 అక్టోబర్ దాకా పట్టింది. మధ్యలో ఇంట్లో దొంగ పడి నమూనా రికార్డింగులున్న యంత్రం ఎత్తుకుపోయాడు. ఆ వెంటనే నేలమాళిగలోకి నీళ్లు వచ్చి వాద్యాలు దాదాపు పాడయ్యాయి. ఆపైన కోవిడ్, మూసిన సరిహద్దులు. చివరికి స్టూడియోకు చేరాక ఆల్బమ్ మొత్తాన్ని మొదటి నుంచి చివరికి ఆపకుండా రెండుసార్లు వాయించి, ఆ తర్వాత దాన్ని చెక్కుతూ కూర్చున్నారు. ఫలితం 38 నిమిషాల్లో 14 పాటలు. ఒక్కో పాటలో మూడు పాటలకు సరిపడా మలుపులు. ఇంత చిక్కని సరుకును ఒక వారాంతంలో విని, పదికి ఇన్ని మార్కులని తేల్చి, సోమవారం మరో దానికి వెళ్లిపోవడం ఏ రకమైన వినడం?

పోనీ, ఏడాది చివర తీరిగ్గా లెక్క చూసుకుంటామా అంటే అదీ లేదు. డిసెంబర్ రాకముందే “ఈ ఏటి మేటి ఆల్బమ్‌లు” అచ్చయిపోతాయి. పైన చెప్పిన కామెరాన్ వింటర్ తన సొంత ఆల్బమ్ ‘హెవీ మెటల్’ను 2024 డిసెంబర్ 6న విడుదల చేశాడు. లెక్కల పుస్తకాలు మూసేసిన సమయం. ప్రచార నిపుణులు ఎవరైనా ఆ తేదీ వద్దంటారు. ఆ ఆల్బమ్ మాత్రం 2025 పొడవునా ఒకరి నోట ఒకరికి పాకుతూ పోయింది. గీస్ కొత్త రికార్డు కోసం అంతమంది ఎదురుచూడడానికి అది కూడా ఒక కారణం.

పద్ధతిని పట్టించుకోనివాళ్లే గుర్తుండిపోతున్నారని నా గట్టి నమ్మకం. 2024 మార్చిలో సిండీ లీ ‘డైమండ్ జూబిలీ’ వచ్చింది. ముప్పై రెండు పాటలు, రెండు గంటల పైచిలుకు. అప్పుడు స్పాటిఫై వంటి స్ట్రీమింగ్ వేదికల్లో ఎక్కడా లేదు. యూట్యూబ్‌లో ఒకే పొడవాటి వీడియో, ఎప్పుడో పాతబడిపోయిన వెబ్ పేజీల తీరులో ఒక పేజీ, అక్కడ ఇష్టమైతే డబ్బు పంపండని ఒక మాట. అంతే. పాటను తేలిగ్గా దాటవేసే వీలు లేకపోవడంతో జనం కూర్చుని విన్నారు. అరవైల నాటి అమ్మాయిల బృందాల పాటలు దూరపు రేడియోలో చెదిరి వినిపిస్తున్నట్టుండే ఆ సంగీతానికి ఆ పద్ధతే నప్పింది. ప్లేలిస్టు సంపాదకుల అనుగ్రహం కోసం ముప్పై రెండింటిలో ఏ ఆరు ముందు వదలాలో ఎంచుకోమని ఎవరైనా అడిగి ఉంటే ఈ ఆల్బమే ఉండేది కాదు.

నైజర్ దేశపు గిటారిస్టు మ్డూ మొక్తార్ మరో దారి పట్టాడు. ‘ఫ్యునరల్ ఫర్ జస్టిస్’ 2024 మేలో వచ్చింది. తమాషెక్ భాషలో, ఫ్రెంచి వలస పాలన చేసిన గాయాల మీద, చెవులు చిల్లులు పడే గిటారుతో. అంతకు ముందు ఏడాది జులైలో నైజర్‌లో సైనిక కుట్ర జరిగినప్పుడు ఈ బ్యాండు అమెరికా పర్యటనలో చిక్కుకుపోయింది. ఇంటికి పోలేని ఆ రోజుల్లోనే అవే పాటలను విద్యుత్ గిటార్లు పక్కన పెట్టి, ఒకచోట కూర్చుని మళ్లీ వాయించి రికార్డు చేశారు. అది 2025 ఫిబ్రవరిలో ‘టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్’గా వచ్చింది. ఆగ్రహంగా విన్నదే దుఃఖంగా వినిపిస్తుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినకపోతే రెండో ఆల్బమ్ సగమే అర్థమవుతుంది. జాబితాల్లో దానికి దక్కింది ‘పాత పాటల అకౌస్టిక్ రూపం’ అన్న ముక్క.

‘బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్’ అనే బ్యాండు సంగతి ఇంకా విచిత్రం. ‘యాంట్స్ ఫ్రమ్ అప్ దేర్’ 2022 ఫిబ్రవరి 4న విడుదల. జనవరి 31న గాయకుడు ఐజక్ వుడ్ బ్యాండు నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. మిగిలినవాళ్లు అతని పాటలు వేదిక మీద వాయించబోమని నిర్ణయించుకుని, పూర్తిగా కొత్త పాటలు రాసుకుని కచేరీలు మొదలుపెట్టారు. అంటే ఆ ఆల్బమ్‌ను మోసుకుని ఊరూరా తిరిగినవాళ్లు లేరు. అయినా దాని అభిమానులు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్లలో చాలామంది విడుదలైన వారంలో దాన్ని విననే లేదు.

ఇక్కడ నా వాదానికి అడ్డుతగిలే ఒక ఉదాహరణ కూడా చెప్పాలి. పేవ్‌మెంట్ అనే బ్యాండు 1999లో ఒక ఈపీలో (కొద్ది పాటల చిన్న రికార్డులో) సర్దేసిన ‘హార్నెస్ యువర్ హోప్స్’ అనే పాట, రెండు దశాబ్దాల తర్వాత స్పాటిఫైలో వాళ్ల పాటలన్నిటినీ దాటిపోయింది. దాన్ని పైకి లేపింది ఏ విమర్శకుడూ కాదు, ఒక పాట అయిపోగానే మరొకటి తనంతట తానే మోగించే స్పాటిఫై యంత్రాంగం. నేను తిడుతున్న యంత్రాంగమే. సరే, ఆ ఒక్క మేలూ ఒప్పుకుంటాను.

డబ్బు దగ్గర మాత్రం ఒప్పుకోను. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినని పాటకు రాయల్టీ లేదు. ఆ వాటాను అంతకంటే ఎక్కువసార్లు విన్న పాటలకు పంచుతారు. 2025 వేసవిలో వెల్వెట్ సన్‌డౌన్ అనే ‘బ్యాండు’ నెల తిరక్కుండా రెండు ఆల్బమ్‌లు వదిలి, పది లక్షలకు పైగా నెలవారీ శ్రోతలను సంపాదించింది. ఆపైన తెలిసింది, అది కృత్రిమ మేధతో తయారైన సంగీతమని. వారానికొక సరుకు కావాలని అడిగే పద్ధతికి అంతకంటే తగిన బ్యాండు ఎక్కడ దొరుకుతుంది? అలసట లేదు, నేలమాళిగలో నీళ్లు రావు, గాయకుడు వెళ్లిపోడు. అదే జులైలో కింగ్ గిజార్డ్ అండ్ ద లిజార్డ్ విజార్డ్ స్పాటిఫై అధినేత ఆయుధ సాంకేతికతలో పెట్టిన పెట్టుబడిని నిరసిస్తూ తమ పాటలు వెనక్కు తీసుకుంది. 2017లో ఐదు ఆల్బమ్‌లు విడుదల చేసి, వాటిలో ఒకదాన్ని ఎవరైనా సొంతంగా అచ్చు వేసుకోవచ్చని వదిలేసిన బ్యాండు అది. ఎక్కువ విడుదల చేయడమే పాపమని నేను అనడం లేదని దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ఎవరి గడియారం ప్రకారం చేస్తున్నామన్నదే తేడా. నేను ఇష్టపడిన ఆల్బమ్‌లను బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే సైటులో కొంటాను. డిజిటల్ అమ్మకాల్లో ఆ సైటు వాటా సాధారణంగా 15 శాతం, మిగతాది రుసుములు పోను బ్యాండుకో లేబుల్‌కో చేరుతుంది. యజమానులు రెండుసార్లు మారాక ఆ సంస్థ మీద నాకున్న నమ్మకం కూడా కొంత సడలింది గానీ, ఇంతకంటే మెరుగైన చోటు ఇంకా కనబడలేదు.

కొత్తవి వినకుండా పాతవే పట్టుకు వేలాడమంటావా అని ఎవరో తప్పక అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నేను ఇంకా 2025 మేలో వచ్చిన స్టీరియోల్యాబ్ బ్యాండు ఆల్బమ్ దగ్గరే ఉన్నాను. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన కొత్త రికార్డు, పదమూడు పాటలు. ఒకరోజు రెండో సగం సాగదీశారనిపిస్తుంది. మరో రోజు ఆ సాగుడే నచ్చి మొదటి సగం తొందరపాటుగా తోస్తుంది. ఇంకా తేలలేదు. మీలో విన్నవాళ్లుంటే కింద రాయండి. మార్కులు వద్దు, ఎన్నో పాట దగ్గర ఆగి వెనక్కు తిప్పారో చెబితే చాలు.